సెల్ఫ్ తిరుగుతుంది, బండి అందుకోదు

చీరాలలో పొద్దున బస్సెక్కినవాళ్ళు మధ్యాహ్నం భోజనం వేళకి కనిగిరిలో ఉంటారు. మేము సొంత కారులో వెళ్ళాం కాబట్టి రెండు రోజులు పట్టింది. ఆ దారి చూడనివాళ్ళ కోసం రాస్తున్నాను. అయితే దారి కంటే ఎక్కువగా ఆగిన చోట్ల గురించే చెప్పాల్సి వస్తోంది.

కనిగిరి దగ్గర పల్లెలో ఉండే కరుణమ్మ నాకు తోబుట్టువు కాదు. చిన్నప్పుడు హాస్టల్లో ఇద్దరం ఒకే చాప మీద పడుకున్నాం, ఒకే కంచంలో తిన్నాం. నేను టీచరునయ్యాను. ఆమె పెళ్ళి చేసుకుని మెట్ట పొలాలకు వెళ్ళింది, పత్తి తీతకీ మిరపకోతకీ కూలికి పోతుంది. క్రిస్మస్ దాటాక ఆమె కడుపులో గడ్డ ఉందని తేలింది. సోమవారం ఒంగోలు ఆసుపత్రిలో చేరాలి. ‘పిల్ల పెళ్ళి కళ్ళారా చూడందే ఆపరేషన్ బల్ల ఎక్కను’ అని ఆమె మొండికేసింది. అందుకే శనివారం పదింటికి పెళ్ళి పెట్టారు. అక్కడి ప్రార్థనల్లో వాక్యం చెప్పే కుర్రాడికి పెళ్ళిళ్ళు చేసే లైసెన్సు లేదు. మా సంఘం పాస్టరు అయ్యగారికి ఉంది. ఆయన్ని వేళకు తీసుకెళ్ళే పని మావారికీ నాకూ పడింది. మేము వెళ్ళకపోతే పెళ్ళి లేదు, పెళ్ళి లేకపోతే కరుణమ్మ ఆసుపత్రికి రాదు.

శుక్రవారం: పర్చూరు ఇడ్లీ

కారు మా సంఘానిది. ఒక విశ్వాసి కుటుంబం వాడి ఇచ్చింది. దానికి రెండు తాళంచెవులు. ఒకటి నల్లటి ప్లాస్టిక్ తల ఉన్న లావుది, అరిగిపోయి తిరగడానికి మొరాయిస్తుంది. రెండోది బజార్లో చేయించిన సన్నది, సులువుగా తిరుగుతుంది. రెండూ ఒకే రింగుకు వేలాడేవి. మావారు సన్నదానితోనే బండి తీసేవారు.

పర్చూరులో టిఫినుకు ఆగాం. ప్లేటు ఇడ్లీ ముప్ఫై రూపాయలు. మా చీరాలలో చట్నీ మూడు రకాలు పోస్తారు. ఇక్కడ కారప్పొడి కుప్పగా పోసి, దాని మీద నెయ్యి వేసి, అడిగితేనే చట్నీ వేస్తారు. శనగలు నూర్చి ఒబ్బిడి చేసి వచ్చిన రైతులు పక్క బల్ల దగ్గర కూర్చుని ఈ ఏడు పొగాకు వేసినవాళ్ళని ఆటపట్టిస్తున్నారు.

తింటూ ఉండగా నాకు కిందటేడు ఒంగోలులో జరిగింది గుర్తొచ్చింది. మావారు రెండు తాళంచెవులూ లోపలే వదిలి తలుపు వేసేశారు, స్కేలు పెట్టి తీయించడానికి గంట పట్టింది. ఇవాళ అలా జరిగితే పెళ్ళి ఏమైపోతుందో అనిపించి, బల్ల మీదున్న రింగులోంచి లావుదాన్ని తీసి నా బైబిలు జిప్ కవర్లో వేశాను. మా వాళ్ళ ఇళ్ళల్లో పోకూడని వస్తువు ఏదైనా ఆ కవర్లోకే చేరుతుంది. రేషన్ కార్డు, ఆసుపత్రి చీటీ, కానుక కవరు, పిల్లల వాక్యాల చీటీలు. వేసిన సంగతి మావారికి చెప్పాననే అనుకున్నాను. ఆయన మాత్రం వినలేదంటారు.

తిని వచ్చి కారు తీయబోతే సెల్ఫ్ తిరుగుతోంది, ఇంజన్ అందుకోవడం లేదు. కిర్రు కిర్రుమని తిరిగి ఊరుకుంటోంది. మావారు అయిదుసార్లు తిప్పారు. టిఫిను చేస్తున్న రైతులు కప్పులతో సహా లేచి వచ్చారు.

“పెట్రోలుందా అన్నా?”

“పావు ట్యాంకుంది.”

“ముల్లు పావు చూపిస్తే ఉన్నట్టు కాదు. మా బావమరిది బండికి ముల్లు నిండుగా చూపించి నడిరోడ్డు మీద ఆగింది.”

“నీ బావమరిది సంగతి వదిలెయ్యరా. ప్లగ్గులు తడిసుంటాయి. కాసేపు ఊరుకోండి.”

మూడో ఆయన బ్యాటరీ అన్నాడు. “సెల్ఫ్ తిరుగుతంటే బ్యాటరీ ఏందిరా నీ మొహం” అని మొదటి ఆయన కసిరాడు. ఎవరు చెప్పింది విన్నా అదే నిజమనిపించేది. ఊరుకున్నాం, మళ్ళీ తిప్పాం, బానెట్ ఎత్తి వైర్లు కదిపాం. ఎండ ఎక్కింది.

అయ్యగారు ముందు సీట్లో కూర్చుని కళ్ళు మూసుకున్నారు. ఆయన బైబిలు డిక్కీలో సూట్‌కేసు అడుగున ఉంది. “నీదియ్యమ్మా సుశీలమ్మా” అని నాది తీసుకుని, స్టీరింగు కింద తాళంచెవి పెట్టే చోటికి ఆనించి నిలబెట్టి, దాని మీద చెయ్యేసి ప్రార్థన చేశారు. “ఇప్పుడు తిప్పండి” అన్నారు. మావారు తిప్పారు. ఒక్కసారికే అందుకుంది.

రైతులు చప్పట్లు కొట్టారు. అయ్యగారు కళ్ళు తుడుచుకుంటూ అప్పటికప్పుడు కరుణమ్మకి ఫోను చేశారు. “అమ్మా, దేవుడు గొప్ప కార్యం చేశాడు. గ్రంథం ఆనించగానే ఆగిన బండి కదిలింది. నీ విషయంలోనూ చేస్తాడు, భయపడకు.”

స్పీకర్లో ఆమె గొంతు వినపడింది. “స్తోత్రం అయ్యగారూ. నిజంగానా?”

అద్దంకి దగ్గర: మిరప కల్లం

అద్దంకి దాటే ముందు రోడ్డు పక్క చేలన్నీ ఎర్రగా ఉన్నాయి. మిరపకాయలు ఆరబోసిన కల్లంలో ఆడవాళ్ళు వరసగా కూర్చుని తెల్లబారిన తాలుకాయల్ని ఏరుతున్నారు. పెళ్ళివారి వంటకు రెండు కిలోలు కొందామని నేనే ఆపించాను. కిలో నూట అరవై చెప్పారు, నూట యాభైకి ఇచ్చారు. దిగిన క్షణం నుంచి మాకు ఒకటే తుమ్ములు. అక్కడున్నవాళ్ళు ఒక్కరూ తుమ్మలేదు. మా ఊళ్ళో ఆడవాళ్ళు మగ్గం గుంటల పక్కన కూర్చుని నూలు కండెలు చుడతారు, వీళ్ళు ఈ ఘాటులో రోజంతా వంగి కూర్చుంటారు. రోజుకు మూడొందల యాభై. కూలి సరే, చేతుల మంట ఎలా తగ్గుతుందని అడిగాను. “మజ్జిగలో ముంచుతాం. రాత్రికి మళ్ళీ మామూలే. మొగుడిని కొట్టాలన్నా చెయ్యి ఆనదు” అందొకావిడ. అందరూ నవ్వారు.

తిరిగి కారెక్కితే మళ్ళీ అదే జబ్బు. సెల్ఫ్ తిరుగుతోంది, ఇంజన్ అందుకోదు.

ఈసారి మాకు మందు తెలుసు కదా. అయ్యగారు నా బైబిలు తీసుకుని డ్యాష్‌బోర్డు మీద పెట్టి ప్రార్థించారు. కాలేదు. సీటు మీద పెట్టారు. కాలేదు. బానెట్ మీద పెట్టారు. కల్లంలో ఆడవాళ్ళు పని ఆపి చూస్తున్నారు.

“ఏందే అది, దిష్టి తీస్తన్నారా?”

“కాదే, వాళ్ళ పుస్తకం. నువ్వు నోరు మూసుకో.”

“మూసుకుంటే బండి కదులుద్దంటే మూసుకుంటా.”

పొద్దున విన్న ప్రార్థన దేవుడు ఇప్పుడెందుకు వినడు? అయ్యగారు మెల్లగా అన్నారు. “మనలో ఎవరి హృదయంలోనైనా ఒప్పుకోవలసింది ఉందేమో చూసుకుందాం.”

మావారు కారు చక్రం వైపు చూస్తూ నిలబడ్డారు. నాకు మాత్రం తెలుసు. గడ్డ సంగతి తెలిసిన వారం కరుణమ్మ ఫోను చేసి, ఒక వారం వచ్చి ఉండమని అడిగింది. నాకు జ్వరమన్నాను. జ్వరం లేదు. మా అమ్మ అలాంటి గడ్డతోనే పోయింది. ఆ మంచం పక్కన మళ్ళీ కూర్చోవాలంటే నాకు కాళ్ళు రాలేదు. ఇన్నేళ్ళు సండే స్కూల్లో అబద్ధం ఆడకూడదని పిల్లలకు నేర్పినదాన్ని.

ఆ ఎర్రటి కల్లం గట్టున, ముక్కు కారుతుండగా, అదంతా పైకి చెప్పేశాను. తాలుకాయలు ఏరేవాళ్ళు కూడా విన్నారు. ఇందాక నవ్వించిన ఆవిడ లేచొచ్చి చెంబుతో నీళ్ళిచ్చింది.

అయ్యగారు నా బైబిలు తీసుకుని, పొద్దుటిలాగే స్టీరింగు కింద ఆనించారు. మావారు తిప్పారు. అందుకుంది.

నా అబద్ధం వల్లే బండి ఆగిందని నాకు ఆ నిమిషాన రూఢి అయిపోయింది. అయ్యగారు కరుణమ్మకి మళ్ళీ ఫోను చేశారు. నా ఒప్పుకోలు సంగతి చెప్పలేదు గానీ, రెండోసారీ గ్రంథం బండిని లేపిందని చెప్పారు. ఈసారి ఆమె ఎక్కువగా మాట్లాడింది. ఇంటినిండా చుట్టాలున్నారని, అందరికీ చెబుతున్నానని అంది.

సాయంత్రం: దర్శి పెట్రోలు బంకు

అక్కడి నుంచి మావారు ఇంజన్ ఆపనంటే ఆపనన్నారు. దారిలో భోజనం కూడా వంతులవారీగా తిన్నాం. నేనూ అయ్యగారూ పండుమిర్చి పచ్చడితో అన్నం తింటుంటే ఆయన కారులో కూర్చుని యాక్సిలరేటరు తొక్కుతున్నారు. ఆయన తింటుంటే, బండి నడపడం రాని నేను స్టీరింగు ముందు కూర్చున్నాను. హోటలువాడు వచ్చి, “పొగ లోపలికొస్తంది మేడం, ఆపితే ఏం పోయింది” అన్నాడు. నేను కారు అద్దం పైకి ఎక్కించుకున్నాను.

అలా నడిపితే పెట్రోలు ఏం మిగులుతుంది? దర్శిలో బంకుకు వెళ్ళక తప్పలేదు. అక్కడ ఇంజన్ ఆపితేనే పోస్తారు. ఆపాం. పోశారు. ఇక అందుకోలేదు.

ఈసారి అయ్యగారు డిక్కీ తెరిపించి, సూట్‌కేసు అడుగు నుంచి తన బైబిలు తీశారు. పెద్దది, తోలు అట్ట, పాస్టరుగా గురుపట్టం పుచ్చుకున్ననాడు చేతికిచ్చినది. సరిగ్గా అదే చోట ఆనించి ప్రార్థించారు. కాలేదు. రెండోసారీ కాలేదు. వెనక లారీవాడు హారను కొడుతున్నాడు.

ఆయన నా ఒళ్ళో ఉన్న బైబిలు వైపు చూశారు. “మీదైతే అవుతుందేమో పెట్టి చూడండమ్మా” అన్నారు. ఆయన ఎప్పుడూ నన్ను ‘నువ్వు’ అనే అంటారు. ఆ ‘మీది’ వినగానే నా చెయ్యి లేవలేదు. ఒక్క క్షణం లోపల ఎక్కడో సంతోషం కలిగిందని కూడా రాయాలి. ఆ వెంటనే సిగ్గేసింది. ఆయనది కాని చోట అందరి ముందూ నాది పెట్టి ఆయన్ని చిన్నబుచ్చలేకపోయాను. “పొద్దున చూద్దామండి” అన్నాను.

బంకువాళ్ళు కారును పక్కకి నెట్టారు. దర్శిలో మాకు తెలిసిన విశ్వాసి ఒకాయన ఇంటికి నడిచి వెళ్ళాం. వాళ్ళు సజ్జ రొట్టె, గోంగూర పెట్టారు. మా వైపు సజ్జ రొట్టె కనపడదు. అయ్యగారు సగం రొట్టె తిని చెయ్యి కడిగేశారు. మావారు ఇంటాయన్ని ఒక్కటే అడిగారు. “ఊళ్ళో మంచి మెకానిక్ ఎవరండి?”

శనివారం పొద్దున: మస్తాన్ గారి చూపు

ఏడింటికి మెకానిక్ మస్తాన్ గారు బంకు దగ్గరికి వచ్చారు. యాభై దాటిన మనిషి, తెల్ల చొక్కా. మెకానిక్ తెల్ల చొక్కా వేసుకోవడం నేను మొదటిసారి చూశాను. నిన్నటి నుంచి జరిగిందంతా మేము ముగ్గురం ఒకేసారి చెప్పబోయాం. ఆయన చెయ్యెత్తి ఆపారు.

“ఆగండి. ముందు బండిని చెప్పనివ్వండి.”

తిప్పమన్నారు, విన్నారు. “సెల్ఫ్ గట్టిగా తిరుగుతంది. బ్యాటరీ కాదు.” ఒక ప్లగ్గు ఊడదీసి వాసన చూశారు. “పొడిగా ఉంది. పెట్రోలు పైకి రావట్లా.” వెనక సీటుకు చెవి ఆనించి మళ్ళీ తిప్పమన్నారు. “పంపు కూడా పలకట్లా. పంపు పోయిందా, ఎవరైనా దాన్ని వద్దంటన్నారా?”

ఎవరు వద్దంటారని అడిగాను. ఆయన నవ్వి, డ్యాష్‌బోర్డు మీద వేలు పెట్టారు. అక్కడ తాళంచెవి ఆకారంలో చిన్న ఎర్ర దీపం మినుకుమినుకుమంటోంది. నిన్నంతా అది మా మూడు మొహాల ముందే మెరుస్తూ ఉండాలి.

“బండికి జబ్బేం లేదమ్మా. దొంగ వచ్చాడనుకుంటంది. ఈ తాళం బజార్లో చేయించింది కదా? అసలుది ఇంకోటి ఉండాలే, లావుగా, నల్ల తలతో. ఆ తలలో చిన్న చిప్పు ఉంటది. బండి తీసేటప్పుడు అది దగ్గరగా ఉంటేనే ఇంజన్‌కి పెట్రోలు వదుల్తది. రెండూ ఒకే రింగుకి ఉన్నన్నాళ్ళూ ఈ సన్నదానితో నడిచి ఉంటది. అసలుది ఎక్కడ పెట్టారు?”

మావారు నా వైపు చూశారు. నేను బైబిలు జిప్ తీశాను. పిల్లల వాక్యాల చీటీలు కింద పడ్డాయి. వాటి వెనక నల్లగా అది ఉంది.

మస్తాన్ గారు రెండు తాళంచెవుల్నీ కలిపి పట్టుకుని తిప్పారు. అందుకుంది. అదే చేత్తో ఆపి, నల్లదాన్ని దూరంగా పట్టుకుని తిప్పారు. కిర్రు కిర్రు. దగ్గర పెట్టారు. అందుకుంది. ఏ పుస్తకం అక్కర్లేదు.

డబ్బులివ్వబోతే వద్దన్నారు. “తాళం మీ దగ్గరే ఉంటే నేను చేసిందేముంది? ఇంత భద్రంగా దాచేవాళ్ళు దొరకరు” అన్నారు. ఎగతాళి చేయలేదు. వంగి చీటీలన్నీ ఏరి, దుమ్ము దులిపి నాకిచ్చారు.

పొదిలి దారి, పెళ్ళి

పొదిలి దాటాక నేల మారిపోయింది. మిరప లేదు, రాళ్ళూ మేకలూ మొదలయ్యాయి. ప్రతి ఇంటి ముందూ నీళ్ళ క్యాన్లు. ఇక్కడి ఫ్లోరైడు బోరు నీళ్ళు ఎముకల్ని వంచేస్తాయని తాగరు.

“కరుణమ్మకి ఏం చెబుదామండి?” అని అడిగాను.

అయ్యగారు కిటికీలోంచి చూస్తూ అన్నారు. “ఆవిడకి ధైర్యం వచ్చింది కదమ్మా. ఆపరేషన్ కానివ్వండి. తర్వాత నేనే చెబుతాను.”

“చిప్పు సంగతి తర్వాత చెబితే మనల్ని ఏమనుకుంటుంది?” అన్నారు మావారు. రెండు రోజుల్లో ఆయన అంత పెద్ద మాట అనడం అదే మొదటిసారి.

నాకు ఇద్దరి మాటా సరైనదనిపించింది. కల్లం దగ్గర అయ్యగారు పుస్తకాన్ని సరైన చోట పెట్టారు, అందుకే బండి లేచింది. అది అర్థమైంది. కానీ అంతకు ముందు చెప్పిన ఒప్పుకోలు మాటేమిటి? అది కూడా చిప్పేనా?

తొమ్మిదిన్నరకు చేరాం. పందిరి మా ఊళ్ళోలా షామియానా కాదు, తాటాకులది. ముందు రోజు నుంచి ఆడవాళ్ళు విడవకుండా పాటలు పాడుతున్నారట, గొంతులు బొంగురుపోయాయి. అయ్యగారు పదింటికి పెళ్ళి చేశారు. తెల్ల చీరలో పిల్ల తల ఎత్తలేదు. కరుణమ్మ ముందు వరస చాప మీద కూర్చుని కన్నార్పకుండా చూసింది. సగానికి చిక్కిపోయింది.

భోజనాలయ్యాక నన్ను లోపలికి పిలిచింది. ఆమె భర్త, అయ్యగారు, పదిమంది చుట్టాలు ఉన్నారు. గుమ్మం బయట ఒకాయన స్టార్టవని ఆటోని తోసుకొచ్చి నిలబెట్టాడు.

“అక్కా, నీ బైబిలేది?” అంది. మంచం మీద పడుకుని చెయ్యి కడుపు మీద పెట్టుకుంది. “ఇక్కడ పెట్టు. ఇనప బండినే లేపింది, దీనికెంతసేపు. నేను సోమవారం వెళ్ళట్లా. మా ఆయనకి చెప్పేశా.”

ఆమె భర్త నేల చూస్తున్నాడు. నేను అయ్యగారి వైపు చూశాను. ఆయన రుమాలుతో మొహం తుడుచుకున్నారు. ఆ మొహం చూస్తే నాకు కోపం రాలేదు.

మంచం మీద కూర్చుని జిప్ తీశాను. నల్ల తాళంచెవి ఆమె అరచేతిలో పెట్టాను. “బండిని లేపింది ఇదే కరుణా. నేనే దాచి మర్చిపోయాను” అన్నాను. మస్తాన్ గారు చెప్పినట్టే చెప్పాను, చిప్పుతో సహా. గదిలో ఎవరో ఛీ అన్నారు. ఆటో ఆయన మెల్లగా బండిని వెనక్కి తిప్పుకున్నాడు.

ఇక ఆగలేక రెండోది కూడా చెప్పాను. “ఆ రోజు నాకు జ్వరం లేదు. భయపడి రాలేదు.”

ఆమె చాలాసేపు తాళంచెవినే తిప్పి చూసింది.

“జ్వరం లేదని తెలుసులే” అంది. “జ్వరమొస్తే నీ గొంతు ఎట్టుంటదో నాకు తెలీదా? హాస్టల్లో ఎన్నిసార్లు విన్నా.” తాళంచెవిని గుప్పిట్లో మూసుకుని, “అయితే దేవుడు ఏమీ చెయ్యలేదా అక్కా?” అంది.

“ఏం చేశాడో నాకింకా తెలీటం లేదు. తెలియనిది తెలుసని చెప్పలేను. సోమవారం నీ పక్కన నేనుంటా. ఈసారి జ్వరమొచ్చినా ఉంటా.”

అప్పుడు అయ్యగారు వచ్చి కింద చాప మీద కూర్చున్నారు. “నేను తొందరపడ్డానమ్మా. చూడకుండా చెప్పాను. ఆసుపత్రికి వెళ్ళమ్మా, నా మాట విను” అన్నారు. ఆమె గోడ వైపు తిరిగి పడుకుంది. తాళంచెవి మాత్రం తిరిగివ్వలేదు.

సోమవారం: ఒంగోలు వైపు

అయ్యగారు ఆదివారం ఆరాధన కోసం శనివారం సాయంత్రమే బస్సులో చీరాల వెళ్ళిపోయారు. అక్కడ పీఠం మీద నిలబడి ఈ కథంతా, చిప్పుతో సహా, ఆయనే చెప్పారని తర్వాత విన్నాను. మేము పల్లెలోనే ఉండిపోయాం. కరుణమ్మ ఆదివారమంతా ఆసుపత్రి మాట ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.

ఆపరేషన్ సంగతి ఇక్కడే చెప్పేస్తాను. గడ్డ తీశారు. ఇది రాసే వేళకి కుట్లు మానుతున్నాయి, మిగతా రిపోర్టు రావాల్సి ఉంది. అందులో ఏముంటుందో మాకెవరికీ తెలీదు.

సోమవారం పొద్దున మేము కారు దగ్గరకు వెళ్ళేసరికి ఆమె ముందు సీట్లో కూర్చుని ఉంది. ఒళ్ళో బట్టల సంచి. మావారి దగ్గర సన్న తాళంచెవి అడిగి తీసుకుని, కూతురి పెళ్ళి పందిరి నుంచి తెంపిన దారంతో రెండింటినీ కలిపి మూడు ముళ్ళు వేసింది.

“ప్రార్థన చేశావా అక్కా?” అంది వెనక్కి తిరగకుండా.

“చేశాను.”

ఆమె తాళంచెవుల్ని ఒకసారి ఊపి, రెండూ ఉన్నాయని చూసుకుని మావారికి అందించింది.

“అయితే తియ్యి బావా.”